చీపురు పట్టిన చేతికి బీకరు ఎప్పుడు?

తెలుగు చెప్పుకునేవాడికి సైన్సుతో పనేంటని అడిగేవాళ్ళకు ముందే జవాబిస్తున్నా. ఏడో తరగతిలో మా సైన్సు గది ఊడ్చింది నేనే. ఊడ్చే వంతు ఎప్పుడూ వాడ పిల్లలదే. బీకర్లున్న బీరువా తాళంచెవి మాత్రం సారు జేబులో ఉండేది. పదో తరగతి అయిపోయేదాకా నేను బీకరు ముట్టుకోలేదు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. పేదపిల్లలకు ట్యాబులిస్తే చెడిపోతారని మూతి విరిచినవాళ్ళ ఇళ్ళలో పిల్లలకు అప్పటికే ఎవరి ఫోను వాళ్ళకుంది. వాళ్ళతో నాకు మాటల్లేవు. ట్యాబు మనకు కావాలి. నా గొడవ వేరే.

మా అక్క కొడుకు ఆమ్లాలు, క్షారాల వీడియో చూపించాడు. రంగులు భలే ఉన్నాయి. "పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, ఎందుకురా?" అన్నాను. "అది పారాణి కదా మామయ్యా, సైన్సు కాదు" అన్నాడు.

మిత్రులారా, ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. పసుపు సూచిక, సున్నం క్షారం. వాళ్ళమ్మ ప్రతి పెళ్ళికీ చేసే ప్రయోగం అది. మా తాత సున్నపునీళ్ళలో తోలు నానబెట్టి వెంట్రుకలు ఊడదీసేవాడు. తంగేడు చెక్కతో పదును చేసేవాడు. ఆ చెక్కలోని టానిన్ తోలులోని ప్రోటీన్‌ను పట్టుకుని కుళ్ళకుండా ఆపుతుంది. పేరు తెలియకపోయినా పని తెలుసు. ఆ చేతినే అంటరానిదన్నారు. వీడియోలో ఆ చెయ్యి లేదు. తెల్లకోటూ గ్లౌజులూ ఉన్నాయి.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్ళిన గుడ్ల వాసన అని బిట్టు బట్టీ పట్టిస్తారు. గాఢత పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిందంటే గ్యాసు పోయిందని కాదు. ఈ ముక్క అందరికంటే ముందు తెలియాల్సింది ఎవరి పిల్లలకు? పాకీపనిని నిషేధిస్తూ 2013లో చట్టమొచ్చాక కూడా మ్యాన్‌హోల్లోకి ఎవరు దిగుతున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక శిక్షణ. 2019లో మొదలైన 'నిష్ఠ' తర్వాత 'దీక్ష'లో ఆన్‌లైన్ అయింది. మాడ్యూలు చూడు, క్విజ్ రాయి, సర్టిఫికెట్ తీసుకో. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివి ఇప్పుడు సైన్సు టీచరైన అమ్మాయి ఫోన్లో అంది: "సార్, యాప్ ఎలా తెరవాలో బాగానే నేర్పారు. క్లాసులో ఎవరి చెయ్యి ఎప్పుడూ పైకి లేవట్లేదో చూడమని ఒక్కరూ చెప్పలేదు." ఆమెను తప్పుపట్టను. వీడియో నడుస్తుంటే ఇంకో పక్క హాజరు ఫోటోలు ఎక్కించాల్సింది కూడా ఆమే.

శిక్షణంటే ముందు ఆ బీరువా తాళం తీయించండి. టీచరు చేతికి పసుపు అంటనివ్వండి. ఆ తర్వాతే వీడియో వేయండి.

వచ్చే ఆదివారం పొద్దున మా వాడ అంబేడ్కర్ భవనంలో పసుపు, సున్నం, నిమ్మకాయలు పెడుతున్నాం. పిల్లల్ని ట్యాబులు కూడా తెచ్చుకోమన్నాం. సైన్సు చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరైనా వస్తానంటే బస్టాండుకి బండేసుకొస్తాను.