కూర ఎవరింట ఉడికినా కూరే

తెలుగువాళ్ళ కోసం యాత్రలు వేసే ఏ ట్రావెల్స్ కరపత్రం తీసినా ఒక హామీ తప్పకుండా ఉంటుంది: యాత్ర పొడుగునా మన వంటవాళ్ళే, మన భోజనమే. కాశీకైనా అంతే, కశ్మీరుకైనా అంతే. బస్సులో గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తాలు, చింతపండు, ఆవకాయ అన్నీ వెంట వస్తాయి. శాకాహారులు ఈ హామీ చూసే డబ్బు కడతారు. "వాళ్ళంతా మాంసం తినేవాళ్ళు, అక్కడ మనకేం దొరుకుతుంది?" అన్న మాట మా ఇంట్లో విన్నాను, రైల్లో విన్నాను, విదేశాలకు వెళ్ళొచ్చిన చుట్టాల దగ్గరా విన్నాను. నేనూ పుట్టినప్పటి నుంచీ శాకాహారినే. ఈ మాట తప్పు. మన తిండికి చేటు కూడా చేస్తోంది.

ఈ మాట అడుగున ఒక నమ్మకం ఉంది. శాకాహార వంట శాకాహారుల ఇళ్ళలోనే పుట్టిందని, వాళ్ళ చేతుల్లోనే బతుకుతోందని, మాంసం వండే పొయ్యి దగ్గర కూరగాయకు విలువ ఉండదని. ముందు మన ఊళ్ళ సంగతే చూద్దాం. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్ళు, ఆ పైబడ్డవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఆ ఇళ్ళలో రోజూ మాంసం ఉడుకుతోందా? ఆదివారం వండుకుంటారు, పండక్కి వండుకుంటారు, అల్లుడొస్తే వండుతారు. మిగతా రోజుల్లో పప్పు, చారు, పచ్చడి, ఏదో ఒక ఆకుకూర. శనివారం వెంకటేశ్వరస్వామికని, సోమవారం శివుడికని, కార్తీకం నెలంతా అని మానేసేవాళ్ళు కోకొల్లలు. అంటే మన నేల మీద ఉడికే శాకాహారంలో ఎక్కువ భాగం మాంసాహారుల పొయ్యి మీదే ఉడుకుతోంది. తరతరాలుగా ఇంతమంది వండుతుంటే, ఆ వంటను తీర్చిదిద్దింది మిగిలిన గుప్పెడు మందేనని ఎలా అనగలం?

ఉలవచారునే తీసుకోండి. ఇవాళ పెళ్ళిళ్ళలో శాకాహారుల వరసలో గొప్పగా వడ్డిస్తున్నారు. అది రైతు ఇంటి వంట. అరకకు పోయే ఎడ్లకు బలమని ఉలవలు ఉడకబెట్టేవారు. గింజలు ఎడ్ల కుడితికి పోయేవి, ఉడికిన కట్టు ఇంట్లోకి వచ్చేది. అందులో చింతపండు పులుసు పోసి, సన్నసెగ మీద గంటల తరబడి మరగనిస్తే చిక్కబడి నల్లగా దిగేది. మీగడ వేసుకుని అన్నంలో కలుపుకునేవారు. ఆ ఇళ్ళు మాంసం తినే ఇళ్ళే. రాయలసీమలో సంకటిలోకి నూరే చెనక్కాయల ఊరిమిండి, తెలంగాణ పచ్చిపులుసు, సర్వపిండి అన్నీ ఆ కోవలోవే.

జహీరాబాద్ వైపు ఇంకా లోతుకు వెళ్ళొచ్చు. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు, ఎవరూ విత్తకుండానే చేలో మొలిచే ఆకుకూరలను ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ వస్తున్నారు. జొన్న చెంచలి, దొగ్గలి, తుమ్మి, ఎలుకచెవుల కూర. కలుపు తీసేటప్పుడు ఈ ఆకును పారేయరు, కొంగులో వేసుకుని ఇంటికి తెస్తారు. పప్పులో వేసి ఉడికించి, వెల్లుల్లి దంచి పోపు పెట్టి, జొన్నరొట్టెతో తింటారు. ఏ ఆకు ఏ వానకు మొలుస్తుందో, ఏది ముదిరితే చేదెక్కుతుందో వాళ్ళకు తెలుసు. కలుపుమందు కొట్టిన చేలో ఇవి మొలవవు. పుట్టు శాకాహారుల ఇళ్ళలో చాలాచోట్ల వీటి పేర్లు కూడా తెలియవు. శాకం గురించి ఇంత తెలిసిన మనుషులు మాంసం తింటారు గనక, వాళ్ళ వంట మనది కాదనుకున్నాం.

అదే సమయంలో 'ప్యూర్ వెజ్' బోర్డు కింద ఏం పెడుతున్నారు? పనీర్ బటర్ మసాలా, జీడిపప్పు కూర, గోబీ మంచూరియా, బేబీకార్న్ వేపుడు. హైదరాబాద్‌లో అదే, విజయవాడలో అదే, తిరుపతిలో అదే. చింతచిగురు వచ్చే రోజుల్లో చింతచిగురు పప్పు తినాలంటే చాలాసార్లు నాటుకోడి పులుసు వండే మెస్సుకే వెళ్ళాలి. బోర్డు మీద శుద్ధి ఉంది, విస్తట్లో ఋతువు లేదు.

ఇక బయటి ఊళ్ళు. చేప లేనిదే ముద్ద దిగదని పేరుపడ్డ నేల బెంగాల్. అక్కడే గసగసాలు నూరి వేసే ఆలూ పోస్తో ఉంది, కాకరకాయ చేదుతో భోజనం మొదలుపెట్టించే శుక్తో ఉంది, అరటిపువ్వుతో మోచార్ ఘొంటో ఉంది. ఆ అరటిపువ్వు బాగుచేసే తీరు చూస్తే గోదావరి వాళ్ళకు సొంతింట్లో ఉన్నట్టే ఉంటుంది. చేతులకు నూనె రాసుకోవడం, ఒక్కో దొప్ప విప్పడం, ఒక్కో పువ్వులోంచి గట్టి కేసరాన్ని లాగేయడం, తరిగి పసుపు నీళ్ళలో వేయడం. చివర్న మనం ఆవ పెడతాం, వాళ్ళు కొబ్బరి, నెయ్యి, గరం మసాలా వేస్తారు. ఆ శాకాహార వంటలో చాలా భాగం వితంతువుల చేతుల్లో పెరిగింది. చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి, చివరికి మసూర్ పప్పు కూడా వాళ్ళకు నిషేధించారు. ఆ క్రూరత్వాన్ని ఎవరూ సమర్థించకూడదు. దాని మధ్యనే ఆ ఆడవాళ్ళు ఆనపకాయ తొక్కను కూడా వదలకుండా వేపుడు చేశారు. బీరపొట్టు పచ్చడి చేసుకునే మనకు ఆ వేపుడు పరాయిది ఎలా అవుతుంది? కోల్‌కతా వెళ్ళి కూడా దొండకాయ వేపుడు తినొచ్చేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కశ్మీరీ పండితులు మాంసం తింటారు, కానీ సంప్రదాయ వంటలో ఉల్లి వెల్లుల్లి ముట్టరు. ఇంగువ, శొంఠి, సోంపులతో వాళ్ళు వండే తామర తూడు కూర ఉల్లి వెల్లుల్లి మానేసే మన నియమానికి కూడా సరిపోతుంది.

ఇథియోపియా మాట ఎత్తితే జనానికి గుర్తొచ్చేది పచ్చిమాంసంతో చేసే కిత్ఫో. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు మాత్రం బుధ, శుక్రవారాలు ఉపవాసం, ఈస్టర్ ముందు 55 రోజులు ఉపవాసం. ఆ రోజుల్లో మాంసమే కాదు, పాలు, వెన్న, గుడ్లు కూడా ముట్టరు. అందుకే ఉపవాసపు పళ్ళెం అడిగితే, టెఫ్ అనే చిరుధాన్యపు పిండి పులియబెట్టి పోసిన పెద్ద ఇంజెరా మీద శనగపిండితో చేసిన షిరో, ఎర్రపప్పు, ఆకుకూర వరసగా వడ్డిస్తారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పి వచ్చిన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవరినైనా అడగండి. వియత్నాంలో అమావాస్యకూ పౌర్ణమికీ మాంసం మానే బౌద్ధ కుటుంబాలున్నాయి. మాంసం తినే చాలా సమాజాలకు తినని రోజులు ఉంటాయి, ఆ రోజులకు ఒక వంట ఉంటుంది. శాకాహారి వెతకాల్సింది ఆ రోజుల వంట కోసం.

కష్టాలు లేవని అనను. థాయ్‌లాండ్‌లో కూరగాయల వేపుడులోనూ ఫిష్ సాస్ పడుతుంది. జపాన్‌లో పైకి కూరగాయలే కనిపించే పులుసు కింద ఎండు చేప రసం ఉంటుంది. మాంసం వద్దంటే సరిపోదు. చేప, రొయ్య, మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దని విడివిడిగా చెప్పాలి, వీలైతే వాళ్ళ భాషలో రాయించుకుని చూపించాలి. విమానంలో 'హిందూ మీల్' శాకాహారమే కానక్కర్లేదు. 'ఏషియన్ వెజిటేరియన్ మీల్' అని కనీసం ఒక రోజు ముందే చెప్పుకోవాలి. ఇవన్నీ పద్ధతి తెలిస్తే దాటగల ఇబ్బందులు. మాంసం వండిన గిన్నెలో వండితే తినలేమనేవాళ్ళ నియమాన్ని గౌరవిస్తాను, వాళ్ళు కట్టుకెళ్ళడమే మేలు. అయితే అది వాళ్ళ నియమం. వెళ్ళిన దేశంలో తిండి లేకపోవడం వేరు.

అసలు అడ్డు నాలుక దగ్గర లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన హోటళ్ళ బోర్డుల మీద ఒకప్పుడు కులం పేరే ఉండేది. బోర్డుల మీద నుంచి 'బ్రాహ్మణ' అన్న మాట తీసెయ్యమని 1957లో మద్రాసులో పెరియార్ ఉద్యమం నడిపారు. కులం పేరు పోయింది, శుద్ధి మిగిలింది. ఇవాళ హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకిచ్చే బోర్డుల మీద 'వెజిటేరియన్లకు మాత్రమే' అని రాస్తే అది ఎవరిని రావద్దంటోందో చదివినవాళ్ళందరికీ తెలుసు. దీని ఫలితం రెండు వైపులా కనిపిస్తోంది. శాకాహారం ఎదుటివాణ్ణి చిన్నచూపు చూసే గుర్తుగా మారాక, మాంసం తినే ఇళ్ళ పిల్లలకు ఆకుకూర మీద మమకారం ఎందుకుంటుంది? తమ అమ్మమ్మ వండిన పుంటికూరను పై కులాలవాళ్ళ తిండి కింద జమకట్టి, కోడి ముక్క లేకపోతే అన్నం ముట్టని పిల్లల్ని చూస్తున్నాను.

శాకాహారానికీ ఈ వేర్పాటుకూ విడదీయరాని బంధమేమీ లేదు. పూరీ జగన్నాథుడి వంటశాలలో చేప, మాంసం అడుగు పెట్టవు. బంగాళాదుంప, టమాటా కూడా వాడరు. మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టెల పొయ్యి మీద వండిన అన్నం, దాల్మా ఆనంద్ బజార్‌కు వస్తే కులం అడగకుండా అందరూ పక్కపక్కన కూర్చుని తింటారు. చేపలు తినే ఒడియా వాళ్ళకు అది పరమ పవిత్రమైన భోజనం. సర్వం జగన్నాథం అని మనం అనుకునేది అందుకే.

మొన్న రైతుబజారులో గంగవాయిలి కూర కట్టలు పెట్టుకున్న ఒకామెను "ఎట్లా వండుతావమ్మా?" అని అడిగాను. మామిడికాయ కోసి పప్పులో వేస్తామంది, ఎండు రొయ్యలతో కూడా వండుతామంది, ఆకు కడిగేటప్పుడు ఇసుక పోయేదాకా నాలుగు నీళ్ళు మార్చమంది. రొయ్యల కూర నేను వండను. పప్పు మాత్రం ఆమె చెప్పినట్టే చేశాను, మామిడికాయ చెక్కు తీయకుండా, వెల్లుల్లి దంచి పోపులో వేసి.