డేవిడ్‌ది ఏ కులం?

'సీతాకోక చిలుక' విప్లవాత్మక ప్రేమకథ అని మనవాళ్ళు నలభై ఏళ్ళ పైనుంచి చెబుతూనే ఉన్నారు. 1981లో భారతీరాజా తీసిన ఆ సినిమాలో అబ్బాయి బ్రాహ్మణుడు, అమ్మాయి క్రైస్తవురాలు. చివర్లో అతను జంధ్యం తీసేస్తాడు, ఆమె సిలువ తీసేస్తుంది. హాల్లో చప్పట్లు. ఇళయరాజా పాటలు నాకూ ప్రాణమే. నా గొడవల్లా ఆ చప్పట్లతోనే.

అమ్మాయి అన్న డేవిడ్ (శరత్‌బాబు) డబ్బూ పెత్తనం ఉన్నవాడు. అతనిది ఏ కులం? సినిమా చెప్పదు. 2022లో వచ్చిన 'అంటే సుందరానికీ' కూడా మళ్ళీ బ్రాహ్మణ-క్రైస్తవ జంటనే తెచ్చి, లీలా థామస్ కులం జోలికి పోకుండా నవ్వించి పంపేసింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని రిక్వైర్‌మెంట్ మార్చేసి బగ్ క్లోజ్ చేయడం అంటారు.

మాది పల్నాడులో రాజుపాలెం. మావైపు ఎవరైనా క్రైస్తవులని చెబితే వెంటనే వచ్చే ప్రశ్న: "అంటే, ఏ కులపోళ్ళు?" రెంటచింతలలో రెడ్డి క్రైస్తవులున్నారు. మాల, మాదిగ పల్లెల్లో చర్చీలున్నాయి. అందరి చేతిలో బైబిలే, వియ్యం మాత్రం ఉండదు. అదే రెడ్డి క్రైస్తవుల ఇంటికి హిందూ రెడ్ల సంబంధం వస్తే, పెళ్ళి గుళ్ళోనా చర్చిలోనా అన్నదగ్గర బేరం తెగుతుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని కారెంపూడిలో ఏటా చాపకూడు జరుపుకుంటాం. పెళ్ళి మాటెత్తగానే ఆ చాప చుట్టేస్తాం.

బాప్తిస్మంతో కులం పోతుందని నమ్మేవి నాకు తెలిసి రెండే. ఒకటి, మతం మారిన దళితుడికి ఎస్సీ హోదా లేకుండా చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. రెండోది తెలుగు సినిమా. ఊరు మాత్రం ఎప్పుడూ నమ్మలేదు.

"ప్రేమకథలో కుల సర్టిఫికెట్ ఎందుకు బాబూ?" అంటారు. కృష్ణ దాటితే మిర్యాలగూడ. 2018లో అక్కడ పరువు పేరుతో ఓ దళిత క్రైస్తవ యువకుణ్ణి చంపించింది అతను చర్చికి వెళ్తున్నాడని కాదు.

చెబితే సినిమా ఆడదనే సాకూ చెల్లదు. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' (2021)లో హీరో దళిత క్రైస్తవుడు. అందులో నాగచైతన్య, సాయిపల్లవి ఉన్నారు, పాటలున్నాయి, డాన్సులున్నాయి. అది కూడా కమర్షియల్ సినిమానే.

జంధ్యం, సిలువ కంటికి కనబడేవి. తీసేయడం తేలిక, షాటూ బాగుంటుంది. మెడలో కనబడకుండా వేలాడే మూడోదాన్ని తెంపే సీను ఎప్పుడు రాస్తారు?