పాత చీర పనికొచ్చిన బిడ్డకు పాత తొట్టెల పనికిరాదా?

మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే ముందు వెతికేది పాత బట్టనే. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్క. కాన్పు రోజులు దగ్గరపడుతుంటే పెద్దవాళ్ళు బీరువా అడుగు నుంచి అలాంటి చీరలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, ఎర్రటి ఎండలో ఆరేసి, మడతపెట్టి ఉంచుతారు. చాలా ఇళ్ళలో పేరు పెట్టే రోజు దాకా బిడ్డకు కొత్త బట్ట తొడగరు. కొత్త బట్టలోని గంజి, రంగు పసి ఒంటికి పడవని మన నానమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇరవై ఒకటో రోజు వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. తొట్టెల ఫంక్షన్ అనగానే అన్నీ కొత్తవి కావాలి. తొట్టెల కొత్తది, పరుపు కొత్తది, దోమతెర కొత్తది, బిడ్డ వెనక గోడకు బెలూన్లతో కమాను. బిడ్డ అదే బిడ్డ, ఆ ఒళ్ళూ అదే. కొత్తగా వచ్చింది చూసే నలుగురు.

ఆ నలుగురి కోసం ఖర్చు పెట్టేది ఎవరో మనందరికీ తెలుసు. మొదటి కాన్పు అమ్మగారింటిది. ఆసుపత్రి, పథ్యం, బాలింత సేవ అన్నీ అయ్యాక, తొట్టెల నాడు అల్లుడికి, వియ్యపురాలికి బట్టలు, బిడ్డకు వెండి కడియాలు, మొలతాడు, వీటన్నిటి పైన తొట్టెల. అందుకే, బిడ్డ మూలను ఇంట్లో కుట్టినవాటితో, అయినవాళ్ళు వాడి ఇచ్చినవాటితో సర్దుకోవడం చిన్నతనం కాదని తల్లి ఒక్కతే అనుకుంటే సరిపోదు. ఆ మాట అత్తగారింటి నుంచి రావాలి.

మా చిన్నమ్మ ఇంట్లో టేకు తొట్టెల ఉంది. వాళ్ళ మామగారు చేయించింది. ఆ ఇంటి పిల్లలు నలుగురూ అందులోనే పెరిగారు. కూతురికి కాన్పయ్యాక దాన్నే తుడిచి, నూనె రాసి సిద్ధం చేసింది. అవతలి నుంచి ఫోన్ వచ్చింది. "వాడిన తొట్టెల తెస్తరా వదినా? నలుగురు ఏమనుకుంటరు?" అంతే. చిన్నమ్మ అప్పు చేసి మెరిసే స్టీలు తొట్టెల కొన్నది. ఫోటోలు బాగా వచ్చాయి. మర్నాటి నుంచి బిడ్డ మాత్రం దూలానికి కట్టిన చీర ఉయ్యాలలోనే నిద్రపోయాడు. స్టీలు తొట్టెల నిండా ఇప్పుడు మడతపెట్టాల్సిన బట్టలు.

పిల్లలు చల్లగా పెరిగిన తొట్టెల ఇంటికొస్తే శుభమని పాతకాలం వాళ్ళు అడిగి తెచ్చుకునేవారు. గండం గట్టెక్కిన బిడ్డను బతికి బట్టకట్టాడు అంటాం కదా. అలా బట్టకట్టిన పిల్లలను చూసిన తొట్టెల అది. దానికి "వాడినది" అని పేరు పెట్టి పక్కన పడేయడం ఎప్పుడు నేర్చుకున్నామో!

ఫోన్లో కనిపించే పసిపిల్లల గదులు చూసి కడుపుతో ఉన్న ఆడపిల్లలు దిగులుపడటం కూడా గమనిస్తున్నాను. గోడ మీద మబ్బులు, మూలన బొమ్మ జిరాఫీ, అంతా ఒకటే రంగు. మా చిరాగ్‌పల్లి హైదరాబాద్ నుంచి పుణె వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దులో ఉంటుంది. ఇక్కడ పసిబిడ్డకు వేరే గది ఎన్ని ఇళ్ళలో ఉంది? తల్లి మంచం పక్కన ఒక మూల, దూలానికి ఒక కొక్కెం, గోడకు ఒక గూడు. ఆ మూలను ముద్దుగా చేసుకోవడానికి మన చేతులు చాలు.

ముందు బొంత. హైవే మీద సరిహద్దు దాటితే దాన్నే కౌది అంటారు, మహారాష్ట్రలోకి పోతే గోధడి. పేరు మారినా పని ఒకటే. పెద్దవాళ్ళ బొంతకు నాలుగైదు చీరలు కావాలి, పసిదానికి రెండు చాలు. నేల మీద ముడత లేకుండా ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి లోపలికి దగ్గర దగ్గరగా దారం కుట్టు వేసుకుంటూ పోవాలి. ఒకరి ఇంట్లో నలుగురు కూర్చుంటే రెండు మధ్యాహ్నాల పని. అమ్మ చీర ఒక పొర, అత్తమ్మ చీర ఒక పొర పెట్టి చూడండి, ఏ దుకాణంలోనూ దొరకదు. కాకపోతే నూలు చీరలే కావాలి, పాలిస్టర్ తడి పీల్చదు. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి వచ్చినప్పుడు రెండు నూలు చీరలు మాత్రం వెనక్కి తీసి పెట్టుకోండి.

తర్వాత చిలుకలు. టైలర్ దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలతో చిలుకలు కుట్టి, దూది కూరి, తొట్టెల పైన కట్టేవాళ్ళు మన అమ్మమ్మలు. అప్పుడే పుట్టిన బిడ్డకు జానెడు దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది. లేత రంగుల కంటే నలుపు, తెలుపు, ఎరుపు లాంటి గట్టి తేడా ఉన్న రంగులు వెంటనే పట్టుకుంటుంది. బజారులో దొరికే లేత గులాబీ రంగు మనకు ముద్దు, బిడ్డకు మన ఎర్ర చిలుక ముద్దు. చేతికి అందనంత ఎత్తులో, గట్టి ముడితో కట్టాలి. లంబాడీ అక్కల అద్దాల పని ముక్క ఉంటే గోడకు వేయండి, చాలా అందం. అద్దం, గవ్వ, పూస ఊడితే నోట్లోకి పోతాయి కాబట్టి తొట్టెలకు మాత్రం వద్దు.

పాతదంతా మంచిదని నేను అనను. రంగు వేసిన పాత తొట్టెల అయితే ఆలోచించాల్సిందే. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పెచ్చులు ఊడుతుంటే ఆ తొట్టెల వద్దు. ఇంట్లో గీకి బాగుచేద్దామనుకోకండి, ఆ దుమ్ము బాలింతకూ బిడ్డకూ హాని. నూనె రాసిన కర్ర తొట్టెలకు ఈ భయం లేదు. పుల్లల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటితే బిడ్డ ఒళ్ళు జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఒక పక్క కిందికి జారే రకం తొట్టెలలను అమెరికాలో 2011 నుంచి అమ్మనివ్వడం లేదు. అక్కడి నుంచి ఎవరైనా ప్రేమగా పంపినా తీసుకోకండి.

డబ్బు ఉంటే పరుపు మీద పెట్టండి. గట్టిగా, తొట్టెలకు సరిగ్గా అమిరే కొత్త పరుపు. ఏడాది లోపు పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టాలనీ, పక్కన దిండ్లు, దూది బొమ్మలు, మందపాటి దుప్పట్లు ఉండకూడదనీ పిల్లల డాక్టర్లు చెబుతారు. అంటే మనం ప్రేమగా కుట్టిన బొంత కూడా బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించడానికే, నిద్రలో కప్పడానికి కాదు. ఆవాల దిండు కూడా వద్దంటే అత్తమ్మలు నొచ్చుకోవద్దు.

మా జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు జొన్న, కొర్ర, సామ విత్తనాలు దాచి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి కూడా వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది. విత్తనం తీసుకున్నామె కోతలయ్యాక కొంత ఎక్కువ కలిపి తిరిగి ఇస్తుంది. తీసుకున్నందుకు ఎవరూ తల దించుకోరు, తీసుకుంటేనే ఆ విత్తనం బతుకుతుంది. తొట్టెలకు కూడా ఇదే పద్ధతి పెట్టుకుందాం. తీసుకున్న ఇల్లు బిడ్డ పెరిగాక కొక్కేలు, తాళ్ళు సరిచేయించి, ఒక కొత్త బొంత కుట్టి, తర్వాతి ఇంటికి పంపాలి.

అత్తగార్లూ, కాబోయే అత్తగార్లూ, మీతో ఒక మాట. కోడలికి ఏడో నెల రాగానే మీరే వియ్యపురాలికి ఫోన్ చేయండి. "వదినా, తొట్టెల కొనకండి, మా ఇంట్లో మా పిల్లలు పెరిగింది ఉంది. మీ పాత నూలు చీర ఒకటి పంపండి, బొంత కుడతా" అనండి. ఆ ఒక్క ఫోనుతో అక్కడ ఒక అప్పు తప్పుతుంది.