కొల్లేరు: చేపల చెరువులే ఫుల్.. మరి వరద ఎక్కడికి పోవాలి?

2024 సెప్టెంబర్‌లో బెజవాడను ముంచెత్తిన బుడమేరు గుర్తుందా? గండ్లు పడింది ఎగువన. కానీ ఆ వాగు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. అందుకే ప్రతి భారీ వర్షానికీ కొల్లేరు ఆక్రమణల చర్చ మళ్లీ మొదటికొస్తోంది.

కొల్లేరు పని ఏంటి?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న సహజమైన పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల వరదను తనలో నింపుకుని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి పంపుతుంది.

చిక్కు ఎక్కడొచ్చింది?

1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి ఇక్కడ చేపల సాగును ప్రోత్సహించింది. తర్వాత పెద్ద పెట్టుబడులు దిగాయి. చేపల చెరువులోనూ నీళ్లే కదా అనిపించొచ్చు. అసలు తేడా అక్కడే ఉంది. చెరువు ఎప్పుడూ నిండే ఉంటుంది, కొత్త వరదకు చోటుండదు. పైగా గట్లు ప్రవాహానికి అడ్డు పడతాయి. దాంతో నీరు వెనక్కి తన్ని లంక గ్రామాల రోడ్లు మునుగుతాయి. చివరికి అవే చెరువుల గట్లు తెగి చేపలూ కొట్టుకుపోతాయి. వేసవిలో సీన్ రివర్స్. సరస్సులో నీరు తగ్గితే ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది.

కూల్చినా ఆగలేదు

1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు పేల్చేశారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ గట్లు లేచాయి.

రైతుల మాటేంటి?

ఐదో కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్న చిన్న రైతులూ ఉన్నారు. భూమి వాళ్లదే, సాగుపై మాత్రం ఆంక్షలు. అందుకే మూడో కాంటూరుకు కుదించాలనే డిమాండ్. 2008లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. కేంద్రం వేసిన కమిటీ మాత్రం కుదింపు వద్దంది, పట్టా భూములను సేకరించాలని సూచించింది.

పరిహారం తేలకపోతే రైతు గట్టు వదలడు. గట్టు కదలకపోతే వరదకు దారి ఉండదు. ఫైళ్లలో కాంటూరు మార్చడం తేలికే. కానీ వాన నీరు జీవో చూసి ఆగదు, పల్లం చూసుకునే పారుతుంది.