ఎద్దుకు తెలిసిన లెక్క

జగిత్యాలలో ట్రాక్టరు షోరూము మెట్లెక్కిన రైతు ముందుగా అడిగే మాట ఒకటే... 'ఎన్ని హెచ్‌పీ?' సేల్స్ కుర్రాడు 45 అంటాడు, 50 అంటాడు, ఇంకొంచెం కలుపుకుంటే 55 కూడా ఉందంటాడు. ట్రాలీ ఊసు ఎవరూ ఎత్తరు. అది తర్వాత ఏ వెల్డింగు షాపులోనో తయారవుతుంది. పక్కింటాయన ట్రాలీ కంటే అడుగు పొడవు ఎక్కువే పెట్టిస్తే తృప్తి! నిజానికి ఈ బేరం తలకిందులు. మొయ్యాల్సిన బరువెంతో ముందు తేలాలి. ఆపైన ట్రాలీ. ట్రాక్టరు వంతు ఆఖరున.

ఈ లెక్క తెలిసినవాళ్లు ఆ ఊళ్లల్లోనే ఉన్నారు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లి ట్రైలర్లు నడిపి వచ్చినవాళ్లను కదిపితే చెబుతారు. ఆ బండ్లకు క్యాబిన్ వెనక గ్రీజు పూసిన ఇనుప పళ్లెం ఒకటి ఉంటుంది. ట్రైలర్ అడుగున ఉండే లావుపాటి మేకు... కింగ్‌పిన్... వచ్చి ఆ పళ్లెం గాడిలో దిగి తాళం పడుతుంది. దాన్నే 'ఫిఫ్త్ వీల్' అంటారు. గుర్రపుబగ్గీల కాలంలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దానిమీద పడుకోబెట్టినట్టు ఒక చక్రం ఉండేది. నాలుగు చక్రాల బండికి అది ఐదోది. లారీలు వచ్చాక ఆకారం మారింది, పేరు మాత్రం మిగిలింది.

అమెరికాలో సెలవులొస్తే కొందరు పడగ్గదీ వంటిల్లూ ఉన్న ట్రైలరునే పికప్ ట్రక్కుకు ఇలా తగిలించుకుని ఊళ్లు తిరుగుతారు. కొనేటప్పుడు అక్కడా ఇదే తికమక. ట్రైలర్ మొత్తం బరువులో సుమారు 15 నుంచి 25 శాతం కింగ్‌పిన్ మీదుగా ట్రక్కు నెత్తిన పడుతుంది. ఆరు టన్నుల ట్రైలరైతే 900 కిలోల నుంచి టన్నున్నర దాకా. ఇక మనుషులు, సామాను, ఆ ఇనుప పళ్లెం బరువు అదనం. చిన్న పికప్పులు చాలావాటికి ఇది తలకు మించిన భారమే. లాగగలిగినదల్లా మొయ్యగలదని కాదు.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు బరువెక్కువైతే కాడి ఎద్దు మెడను నొక్కేస్తుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. అందుకే గడ్డి వేసినా బస్తాలు వేసినా ఇరుసు మీద మొగ్గు చూసుకుని సర్దేవారు. ట్రాక్టరొచ్చాక ఆ చూపు పోయింది. ఇంజనుకు మెడనొప్పి లేదు కదా!

నొప్పి లేకపోయినా ప్రమాదం ఉంది. ఫిఫ్త్ వీల్ దాదాపు వెనక ఇరుసుకు నెత్తినో, కాస్త ముందుకో ఉంటుంది. అందుకని బరువు పడ్డా బండి ముక్కు లేవదు. ట్రాక్టరు కొక్కెం అలా కాదు, ఇరుసుకు వెనక ఉంటుంది. రెండు చక్రాల ట్రాలీలో బరువు ముందుకు చేరితే కొక్కెం కిందికి నొక్కుకుంటుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు చేతిలో ఉన్నా మాట వినదు. బరువు వెనక్కి చేరితే కొక్కెం పైకి లేచి పెద్ద టైర్లకు పట్టు తప్పుతుంది. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తనే మోసుకుంటుంది కాబట్టి రోడ్డు మీద నయం. కానీ బురదలో ట్రాక్టరు టైర్లకు పై నుంచి ఒత్తిడి దొరకదు, రివర్సు చేయడమూ తలనొప్పే.

బస్తాల లెక్కకొద్దాం. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు. నూట యాభై బస్తాలంటే ఆరు టన్నులు. ట్రాలీ ఇనుమే టన్నున్నర అనుకుంటే ఏడున్నర. లాగే 45 హెచ్‌పీ ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. తనకు దాదాపు నాలుగింతలున్న దాన్ని అది లాక్కెళుతుంది. బాగానే లాగుతుంది కూడా. మరి ఆపాలంటే? మామూలు ట్రాలీకి బ్రేకులుండవు. ఆ భారమంతా ట్రాక్టరు వెనక చక్రాల బ్రేకుల మీదే.

సిరిసిల్ల వైపు మానేరు ఇసుక ఎత్తేవాళ్లది ఇంకో చిక్కు. వంద ఘనపుటడుగుల ట్రాలీలో వడ్లు విడిగా పోస్తే టన్నున్నర పైచిలుకు. అదే ట్రాలీని పొడి ఇసుకతో నింపితే నాలుగున్నర టన్నులు. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. కంటికి రెండూ ఒకటే ట్రాలీ! గడ్డి కోసం ఎత్తు చేయించిన పక్క రేకులను ఇసుకకూ అలాగే ఉంచేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

దిగుడు రోడ్డు మీద అధిక బరువంటే ఏమిటో జగిత్యాల జిల్లాకు బాగా తెలుసు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ట్రాక్టరు డ్రైవర్లలో డీజిలు మిగులుతుందని వాలులో న్యూట్రల్ చేసేవాళ్లున్నారు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగడం మేలు. ఇంకోటి... ట్రాక్టరుకు కుడికీ ఎడమకీ వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. అవి పొలంలో మడి చివర తిప్పుకోవడానికి. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపే కొక్కీ వెయ్యాల్సిందే. లేదంటే ఒక్క పెడలే పడిందా, వెనక ట్రాలీతో సహా బండి అడ్డం తిరుగుతుంది.

ఇంతకీ ఏది కొనాలి? పొలం నుంచి ఊళ్లోని కేంద్రానికి వడ్లు చేరవేయడం, దమ్ము చేయడం వరకే అయితే 45 హెచ్‌పీ చాలు. ట్రాలీ పెద్దదైతే హెచ్‌పీ కంటే ట్రాక్టరు సొంత బరువు, నూనెలో మునిగి పనిచేసే బ్రేకులు, ముందు బిగించే ఇనుప దిమ్మలు చూడాలి. కోరుట్ల నుంచి నిజామాబాద్ మార్కెట్టుకు పసుపు తీసుకెళ్లడానికే పెద్ద ట్రాలీ కావాలంటే మాత్రం అసలు కొనొద్దు. ఎన్‌హెచ్ 63 మీద డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు దారి, ఏడాదిలో నాలుగైదు ట్రిప్పులు. దానికి డీసీఎం కిరాయి మాట్లాడుకోవడమే చవక.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మిగిలిన డబ్బును ట్రాలీ పొడవు మీద పెట్టకుండా కాగితాల మీద పెట్టడం మంచిది. చట్టం దృష్టిలో ట్రాలీ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, బీమా పాలసీలో దాని పేరూ ఉండాలి. అందులో మనుషుల్ని కూర్చోబెట్టి జాతరకు తీసుకెళితే... సరుకు బండిలో ఎక్కినవాళ్లకు పరిహారం రావడం గగనం.

ట్రయల్‌కు షోరూమువాళ్లు ఖాళీ ట్రాక్టరిస్తారు. తీసుకోవద్దు. మన ట్రాలీ, మన బస్తాలు వేసి, ఊరి చెరువు కట్ట మీదికి ఎక్కించి, సగం వాలులో ఆపి, మళ్లీ కదిలించమని అడగాలి. కొక్కెం పిన్నుకు చీలమేకు, దానికి తోడు ఓ గొలుసు, ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు... ఈ మూడూ అదే రోజు బిగించుకుని ఇంటికి రావాలి. వడ్లు మోసేది ఎక్కువగా పొద్దుగూకాకే కదా.