పెరటి పశువుకు తొలి వైద్యం

డాక్టరు వచ్చేలోపు ఏం చేయాలో, ఏం చేయకూడదో పశువును పెంచే ప్రతి ఇంటికీ తెలియాలి. ముందు కావలసింది పరిశీలన. ఆరోగ్యంగా ఉన్న ఆవు శరీర ఉష్ణోగ్రత సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్. మేక, గొర్రెల్లో కాస్త ఎక్కువ. మేత మానడం, నెమరు ఆగడం, ముట్టె పొడిబారడం జబ్బుకు తొలి గుర్తులు.

గాలికుంటు సోకిన పశువును విడిగా కట్టి, నోటి పుండ్లను పలుచని పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, మెత్తని మేత పెట్టాలి. ఎడమ డొక్క ఉబ్బి ఆయాసపడుతుంటే డాక్టరును పిలవడంలో క్షణం ఆలస్యం చేయకూడదు. తల పైకెత్తి బలవంతంగా మందు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. యాంటీబయాటిక్ ఇచ్చాక డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా పాలు వాడకూడదు. హఠాత్తుగా చనిపోయిన పశువు ముక్కు, మలద్వారాల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మగా అనుమానించాలి, కళేబరాన్ని కోయకూడదు.

గాలికుంటుకు ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపులకు తొలకరికి ముందు టీకాలు తప్పనిసరి. తెలుగు రాష్ట్రాల్లో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. పశువైద్య శిబిరాలు మందుల పంపిణీతో సరిపెట్టకుండా, పశువుల పనిలో ఎక్కువ భాగం చేసే మహిళలకు ఈ మెలకువలు నేర్పాలి.