కనబడితేనే ఉన్నట్టా?

మా పుత్తూరులో ఎముక విరిగినవాళ్ళకి కట్టు కట్టే పెద్దమనిషి వేళ్ళతో తడిమి "ఇదిగో, ఇక్కడ" అంటే అందరూ నమ్ముతారు. అటువంటి ఊళ్ళో కాపురముంటూ మా పక్కింటావిడ, చెవికి తెలిసినదాన్ని నమ్మనంటుంది!

పేచీ కలివికోడి గురించి. 1848లో కుంపిణీ వైద్యుడు జెర్డన్ లోకానికి చెప్పిన పిట్ట అది. 1900 తరవాత కనబడకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి సంస్థ తరఫున వెతికిన భరత్ భూషణ్‌గారి పేరు పుస్తకాలకెక్కింది, ఎక్కవలసిందే. కానీ రాత్రిపూట లైటు వేసి పిట్టను పట్టి తెచ్చింది అక్కడి పిట్టలవాడు. ఎనభై ఆరేళ్ళు పండితులకు లేకుండా పోయిన పిట్టకి ఆ పల్లెల్లో పేరు కూడా ఉంది మరి!

పగలంతా ముళ్ళపొదల్లో నక్కి రాత్రికి బయటపడే జీవి. పొద్దుగూకిన ముక్కాలుగంటకో ఎప్పుడో పిలుస్తుంది, అదీ కాసేపే. ఆ పిలుపును మొదటిసారి రికార్డు చేసిన సంగతి 2004లో జగన్నాథన్‌గారు, ఆయన సహచరుడు ప్రచురించారు. చాలా ఏళ్ళ మౌనం తరవాత 2025లో ఆ గొంతు మళ్ళీ రికార్డయిందని వార్త.

"చూసినోళ్ళెవరక్కా? అరుపు ఇంటే కోడి ఉన్నట్టేనా? దానికోసరం అడివంతా మిషన్లు కట్టల్లా?" అంటుంది మా పక్కింటావిడ.

ఏమ్మే, మూడు కూతలు లెక్కపెట్టి కుక్కరు దించుతావే, మూత తీసి చూస్తావా? గేటు గొళ్ళెం చప్పుడును బట్టి మీ ఆయన ఆఫీసులో ఎవరితో పోట్లాడొచ్చాడో చెబుతావే! అడవికి మాత్రం సాక్ష్యం కళ్ళతోనే కావాలా?

టార్చి పట్టుకుని మనిషి పొదల్లో దూరితే పిట్ట పారిపోతుంది. రికార్డరును చెట్టుకి కట్టి, సాయంత్రానికి అదే మొదలయ్యేట్టు పెట్టి వస్తే, ఎవరినీ బెదరించకుండా రోజుల తరబడి కాపు కాస్తుంది. అయితే మిషను దాచిపెడుతుందే గాని వినదు. వినవలసింది మనిషి. కంప్యూటరు ఏరిపెట్టినా ఇది కలివికోడా, మరోటా అని తేల్చే చెవి కావాలి. ఆ చెవులు మేకలు కాసేవాళ్ళకీ పిట్టలవాళ్ళకీ ఉన్నాయి. వాళ్ళని దారి చూపించడానికి పిలిచి, టీ నీళ్ళు పోసి పంపేయడమేనా? జీతమిచ్చి కూర్చోబెట్టరాదూ?

ఇంకో భయముంది. గాలి హోరులో, బ్యాటరీ అయిపోయిన రాత్రి, పిట్టకి పిలవబుద్ధి కాని రాత్రి ఏమీ రికార్డు కాదు. ఆ ఖాళీ టేపు చూపించి "ఇక్కడేమీ లేదు, తవ్వేయండి" అంటే? 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట పొదల్లోకే వచ్చింది. గోల చేస్తే పని ఆపారు, దారి మార్చారు. పిట్ట అక్కడ ఉందనడానికి ఆధారాలుండబట్టే ఆ గోల చెల్లింది.

ఇక ఆ గొంతునే వినిపించి పిట్టను బయటికి రప్పించి ఫోటోలు తీసుకుందామనుకునే ఉబలాటరాయుళ్ళకి ఆ చోట్ల అడ్రసులు చెప్పనేకూడదు.

ఇదంతా చెప్పబోతుంటే మా పక్కింటావిడ "మూడోది!" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. నాకు రెండే వినిపించాయి.